బండి డ్రైవ్ బెల్టు బిగుతును సెల్‌ఫోనుతో సరిగ్గా కొలవడం ఎలా?

అనంతపురం, తాడిపత్రి, గుత్తి వైపు బెల్టుతో నడిచే బండ్లు పెరిగిన కొద్దీ ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. బెల్టు వదులైందా, బిగిసిందా అన్నది వేలితో నొక్కి చెప్పగలమా, లేక ఫోనుతో కొలవవచ్చునంటున్నారు కదా, అది నిజమేనా? నిజమే. అయితే సరైన వరుసలో చేయకపోతే ఫోను తప్పుడు అంకెను కూడా అంతే స్పష్టంగా చూపిస్తుంది. అందుకే ఇక్కడ కొలతకన్నా ముందు చేసుకోవలసిన ఏర్పాట్ల గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఇంజిను లేదా మోటారు నుంచి వెనుక చక్రానికి పళ్ల బెల్టు బయటి నుంచే వెళ్లే బండ్లకు ఈ పద్ధతి పనికొస్తుంది. రివోల్ట్ ఆర్‌వీ 400, ఏథర్ 450, హార్లే డేవిడ్‌సన్ స్ట్రీట్ 750 అటువంటివే. చైను బండ్లకు ఇది వర్తించదు. గేర్లు లేని పెట్రోలు స్కూటర్ల ఇంజిను కవరు లోపల ఉండే వి-బెల్టుకు కూడా వర్తించదు. దాని పని తీరు వేరు, దాన్ని ఇలా సరిచేయరు.

## 1. ఫోను వినేది మోతను, బిగుతును కాదు

రెండు పుల్లీల మధ్య ఉన్న బెల్టును వేలితో మీటితే అది వీణ తీగలాగే ఊగుతుంది. బిగుతు పెరిగితే వేగంగా, తగ్గితే నెమ్మదిగా ఊగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగిందో ఫోను మైకు విని హెర్ట్జ్‌లలో చెబుతుంది. ఆ అంకె నుంచి బిగుతును లెక్కగట్టే సూత్రం ఇది:

బిగుతు (న్యూటన్లలో) = 4 × మీటరు బెల్టు బరువు (కిలోలలో) × ఊగే భాగం పొడవు² (మీటర్లలో) × హెర్ట్జ్²

ఉదాహరణకు మీటరుకు 0.1 కిలో తూగే బెల్టులో 0.4 మీటరు భాగం 50 హెర్ట్జ్‌లతో మోగితే, 4 × 0.1 × 0.16 × 2500, అంటే 160 న్యూటన్లు. ఇది లెక్క తీరు తెలియడానికి తీసుకున్న అంకె మాత్రమే, ఏ బండి కొలతా కాదు.

ఈ సూత్రంలో గట్టిగా గుర్తుంచుకోవలసింది చివరి వర్గమే. హెర్ట్జ్ అంకె 10 శాతం పెరిగితే బిగుతు 21 శాతం పెరుగుతుంది. అంకె రెట్టింపైతే బిగుతు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి చదవడంలో చేసిన చిన్న పొరపాటు పానా పట్టేసరికి పెద్దదవుతుంది.

## 2. పోల్చుకునే అంకెను ముందే సిద్ధం చేసుకోండి

ఎంత ఉండాలో తెలియకుండా ఎంత ఉందో కొలవడం వృథా శ్రమ. బండితో వచ్చిన పుస్తకంలోగాని, సర్వీసు మాన్యువల్‌లోగాని బెల్టు బిగుతు ఈ మూడు రకాల్లో ఏదో ఒక రకంగా ఉంటుంది.

హెర్ట్జ్‌లలో ఇచ్చి ఉంటే పని సులువు. ఏ వైపు భాగాన్ని మీటాలి, బండి ఏ స్టాండు మీద ఉండాలి అన్నది కూడా అక్కడే చూసుకోండి.

న్యూటన్లలో ఇచ్చి ఉంటే పై సూత్రం కావాలి. విడి బెల్టును వంటింటి తూకం మీద పెట్టి, వచ్చిన బరువును బెల్టు మొత్తం పొడవుతో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. ఊగే భాగం పొడవు అంటే ముందు పుల్లీని బెల్టు వదిలే చోటు నుంచి వెనుక పుల్లీని తాకే చోటు వరకు ఉన్న దూరం. ముందు పుల్లీ కవరు కింద ఉండి టేపు పట్టకపోతే రెండు కేంద్రాల మధ్య దూరాన్ని కొలిచి దాని వర్గం నుంచి, పుల్లీల వ్యాసాల తేడాను సగం చేసి ఆ సగానికి కట్టిన వర్గాన్ని తీసివేసి, వర్గమూలం కట్టండి. కేంద్రాల దూరం 500, వ్యాసాలు 210, 60 మిల్లీమీటర్లు అనుకుంటే జవాబు సుమారు 494 మిల్లీమీటర్లు.

నొక్కితే ఎంత కుంగాలో మిల్లీమీటర్లలో ఇచ్చి ఉంటే (చాలా హార్లే బండ్లకు 4.5 కిలోల బలంతో ఇలాగే ఇస్తారు) ఫోను ఒక్కటే చాలదు. సామాను తూచే వేలాడే డిజిటల్ తూకానికి రెండు వేళ్ల వెడల్పున్న గుడ్డను ఉంగరంలా కట్టి, పుస్తకం చెప్పిన చోట బెల్టుకు తగిలించి, చెప్పినంత బలంతో లాగి, స్కేలుతో కుంగును కొలవండి. అది సరిగ్గా ఉన్నప్పుడు, లేదా సర్వీసు సెంటరులో సరిచేయించిన వెంటనే, బెల్టును మీటి ఫోనులో వచ్చిన అంకెను రాసుకోండి. మీ బండికి ఇకమీదట అదే కొలమానం. నా దృష్టిలో ఫోను ఎక్కువ మందికి నిజంగా ఉపయోగపడేది ఈ విధంగానే, ఎందుకంటే పొడవు, బరువు కొలతల్లోని పొరపాట్లు ఇక్కడ అసలు అడ్డురావు.

వేరొకరి బండి అంకెను మీ బండికి వాడకండి. మోడల్ ఒకటే అయినా బెల్టు వేరే రకానిది వేసి ఉంటే అంకె మారిపోతుంది.

## 3. కావలసినవి

- స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత మోత ఉందో చూపించే గీత) చూపించే యాప్ ఉన్న ఫోను
- టేపు, స్కేలు, సుద్దముక్క
- మెత్తని బ్రష్షు, తేలికపాటి సబ్బునీళ్లు, పొడి గుడ్డ
- సరిచేసే ఉద్దేశం ఉంటే సరైన సైజు పానాలు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా)
- నోటుపుస్తకం, పెన్ను

టార్క్ రెంచ్ లేకపోతే కొలత వరకే చేసి ఆగండి. వారంటీలో ఉన్న ఎలక్ట్రిక్ బండికి కూడా అదే సలహా. కొలిచి, అంకెను రాసుకుని, సరిచేసే పనిని సర్వీసు సెంటరుకు అప్పగించడం మేలు.

## 4. బండిని సిద్ధం చేయడం

4.1 చల్లారనివ్వండి. మన ఎండల్లో ఇది తప్పించుకోలేని మెట్టు. బెల్టు లోపలి కార్బన్ లేదా అరామిడ్ దారాలు వేడికి దాదాపుగా సాగవు, కాని వెనుక చక్రాన్ని పట్టి ఉంచే అల్యూమినియం చేయి, అంటే స్వింగ్ ఆర్మ్, సాగుతుంది. 400 మిల్లీమీటర్ల అల్యూమినియం 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.28 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది గాని, చక్రాన్ని జరిపే అడ్జస్టర్ బోల్టును, దాని పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) 1.25 మిల్లీమీటర్లయితే, పావు చుట్టు తిప్పినా చక్రం జరిగేది దాదాపు అంతే. అంటే మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి ఎవరూ పానా పట్టకుండానే పావు చుట్టు బిగిసినట్లు చూపించవచ్చు. అందుకని రాత్రంతా నీడలో ఉన్న బండిని పొద్దున్నే కొలవండి.

4.2 శుభ్రం చేయండి. అనంతపురం ఎర్రమట్టి కానివ్వండి, కడప వైపు నాపరాళ్ల పొడి కానివ్వండి, పుల్లీ పళ్ల సందుల్లో చేరితే బెల్టు ఎత్తు మారి కొలత చెదురుతుంది. సబ్బునీళ్లు, బ్రష్షు చాలు. పెట్రోలు, కిరోసిన్, చైను లూబ్, గ్రీజు ఏవీ తగలకూడదు. కడిగాక పూర్తిగా ఆరనివ్వండి. కీచుమనే చప్పుడు వస్తోందని బెల్టు బిగించమని అడిగేవారు ఎందరో ఉన్నారు. నేను చూసిన వాటిలో చాలా వరకు దుమ్ము కడగగానే చప్పుడు పోయింది, బిగుతును ముట్టుకోవలసిన అవసరమే రాలేదు.

4.3 బెల్టును చూడండి. పళ్ల మొదట్లో పగుళ్లు, ఊడిన పన్ను, అంచున పోగులు లేవడం, గులకరాయి గుచ్చుకుని పడిన రంధ్రం, బయటపడిన దారాలు, వీటిలో ఏది కనిపించినా కొలత ఆపేయండి. అటువంటి బెల్టును మార్చాలి, బిగించకూడదు.

4.4 నిలబెట్టండి. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు చాలా బండ్లలో బెల్టు బిగుతు మారుతుంది. ముందు పుల్లీ, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనుక ఇరుసు ఒకే గీత మీదికి వచ్చినప్పుడు అది అత్యధికంగా ఉంటుంది. కాబట్టి పుస్తకం చెప్పిన భంగిమలోనే కొలవాలి. ఏమీ చెప్పకపోతే మీకు వీలైన ఒక భంగిమను ఎంచుకుని ప్రతిసారీ అదే పాటించండి.

4.5 విద్యుత్తు ఆపండి. ఎలక్ట్రిక్ బండిని స్విచ్ ఆఫ్ చేసి, తాళంచెవి తీసి జేబులో పెట్టుకోండి. పెట్రోలు బండిని న్యూట్రల్‌లో పెట్టండి. చక్రాన్ని ఎప్పుడూ చేత్తోనే, టైరును పట్టుకునే తిప్పాలి. బెల్టుకూ పుల్లీకీ మధ్య వేలు చిక్కితే వేలు దక్కదు. పిల్లలు యాక్సిలరేటరు ముట్టుకోకుండా చూసుకోండి.

## 5. ఫోనును సిద్ధం చేయడం

జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ విశ్వవిద్యాలయంలో తయారైన ఫైఫాక్స్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఆడియో స్పెక్ట్రమ్ అనే భాగం ఈ పనికి సరిపోతుంది. ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ కూడా బాగుంటుంది. గిటారు శ్రుతి చేసే యాప్‌లు వద్దు. అవి స్వరాన్ని చూపించడానికి తయారైనవి, బెల్టు చేసే తక్కువ హెర్ట్జ్‌ల మోతను తరచు పట్టుకోలేవు.

తరువాత చూడవలసింది నమూనాల సంఖ్య, అంటే యాప్ ఒక్కో లెక్కకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచిన అంకెలు వాడుతుందన్నది. ఫోను సెకనుకు 44,100 నమూనాలు తీసుకుంటోందనుకుందాం. 4,096 నమూనాలతో లెక్కగడితే స్పెక్ట్రమ్‌లో ఒక గడికీ పక్క గడికీ మధ్య దాదాపు 11 హెర్ట్జ్ తేడా ఉంటుంది. అంత ముతక కొలత మనకు పనికిరాదు. 16,384 పెడితే అది 2.7 హెర్ట్జ్‌కు, 32,768 పెడితే 1.35 హెర్ట్జ్‌కు దిగుతుంది. అలాగని ఇంకా పెంచుకుంటూ పోకూడదు, ఎందుకంటే మీటిన మోత క్షణంలో అణగిపోతుంది, మిగిలిన సమయమంతా ఫోను గదిలోని చప్పుళ్లనే వింటుంది. 16,384తో మొదలుపెట్టడం మంచిది.

మొదలుపెట్టే ముందు:

- బ్లూటూత్ ఆపాలి. ఇయర్‌ఫోను కలిసి ఉంటే యాప్ దాని మైకును వినవచ్చు.
- ఫోను కవరు తీసేయాలి.
- మైకు రంధ్రం ఎక్కడుందో చూసుకోవాలి. సాధారణంగా చార్జింగ్ పెట్టే చోటి పక్కనే ఉంటుంది.
- చార్జర్ తీసేయాలి. ఫ్యాను, కూలరు, ట్యూబులైటు, మోటారు ఆపాలి.
- ఏమీ మీటకుండా పది సెకన్లు స్పెక్ట్రమ్‌ను చూడాలి.

ఈ చివరి మెట్టును దాటవేసి నేను చేసిన తప్పును చెప్పక తప్పదు. మా మేనల్లుడి బండిని ఒక సాయంత్రం షెడ్డులో కొలుస్తుంటే 50 హెర్ట్జ్ దగ్గర చక్కని శిఖరం కనిపించింది. కావలసిన దానికన్నా తక్కువ కదా అని బిగించాను. మళ్లీ 50. ఇంకొంచెం బిగించాను. “మామా, రెండుసార్లు బిగించినా అంకె కదలలేదే?” అని వాడు అడుగుతుండగానే కరెంటు పోయింది. తలమీది ఫ్యాను ఆగింది, ఫోనులోని శిఖరమూ మాయమైంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఫ్యాన్లు, చార్జర్లు, ట్యూబులైట్లు 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర గుయ్యిమంటూనే ఉంటాయి. ఆ బెల్టును తిరిగి వదులు చేసేసరికి చీకటి పడింది. బెల్టు అంత బిగుతుతో పరుగెత్తి ఉంటే బేరింగుల మీద పడే భారం తక్కువది కాదు. మీటకముందే కనిపించే ఏ శిఖరమూ బెల్టుది కాదని ఆనాటి నుంచి ముందే గుర్తు పెట్టుకుంటున్నాను.

## 6. మీటి కొలవడం

1. టైరు గాలి కొట్టే వాల్వును పైకి తెచ్చి ఆపండి. చక్రాన్ని వెనక్కీ ముందుకీ కొద్దిగా కదిపి వదిలేయండి. బ్రేకు పట్టి ఉండకూడదు.
2. ఊగే భాగానికి సరిగ్గా మధ్యలో, బెల్టు వీపు మీద సుద్దతో గీత పెట్టండి.
3. ఫోను మైకును ఆ గీతకు ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. ఫోను బెల్టుకు గాని, బండికి గాని తగలకూడదు.
4. గీత మీద వేలితో లాగి వదలండి, లేదా స్క్రూడ్రైవరు ప్లాస్టిక్ పిడితో తేలికగా తట్టి వెంటనే తీసేయండి. గట్టిగా కొడితే మోత పెరగదు, లోహపు చప్పుడే పెరుగుతుంది.
5. స్పెక్ట్రమ్‌లో కొత్తగా లేచిన శిఖరాన్ని చదవండి.
6. ఇలా ఐదుసార్లు చేయండి. ఐదూ రెండు మూడు హెర్ట్జ్ తేడాలో ఉంటే సగటు తీసుకోండి. చెల్లాచెదురుగా ఉంటే సగటు తీయకండి, కారణం వెతకండి.
7. వాల్వును ముందుకు, కిందికి, వెనక్కు తెచ్చి ఇదే పని చేయండి. ముందు పుల్లీ చిన్నది కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగేసరికి అది అనేక చుట్లు తిరుగుతుంది. కాబట్టి వీలైతే రెండో చుట్టు కూడా కొలవండి.

పుల్లీలు ఎంత బాగా చేసినా కొంచెం ఎగుడుదిగుడు ఉంటుంది, అందుకే నాలుగు చోట్లా ఒకే అంకె రాదు. అన్నిటికన్నా ఎక్కువ అంకె వచ్చిన చోటును సుద్దతో టైరు మీద గుర్తించండి. పుస్తకం వేరేగా చెప్పకపోతే బిగుతును సరిచేయవలసింది ఆ చోటే, ఎందుకంటే వదులుగా ఉన్న చోట సరిచేస్తే ఇక్కడ మితిమీరుతుంది. ఎక్కువ తక్కువల మధ్య తేడా పదో వంతును మించితే నేను బెల్టును ముట్టుకోను. పుల్లీ వంకరను, పళ్లలో ఇరుక్కున్న రాయిని, బేరింగు వదులుతనాన్ని ముందు చూస్తాను.

## 7. ఒకటికన్నా ఎక్కువ శిఖరాలు కనిపిస్తే

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బెల్టు తన అసలు మోతతో పాటు దాని రెట్టింపు, మూడింతలు, ఐదింతల దగ్గర కూడా మోగుతుంది. ఫోను మైకులు తక్కువ హెర్ట్జ్‌ల మోతను బలహీనంగా వింటాయి కాబట్టి అసలు శిఖరం పొట్టిగా, మూడింతల శిఖరం పొడవుగా కనిపించవచ్చు. పొడవైనదే అసలైనదని అనుకుంటే బిగుతు తొమ్మిది రెట్లు ఉన్నట్లు లెక్క వస్తుంది.

ఉపాయం ఇది. సరిగ్గా మధ్యలో మీటితే రెట్టింపు మోత దాదాపుగా పుట్టదు, ఎందుకంటే ఆ ఊపులో మధ్య భాగం కదలకుండా నిలిచే చోటు. కాబట్టి మధ్యలో మీటినప్పుడు శిఖరాలు 1, 3, 5 నిష్పత్తికి దగ్గరగా ఉండాలి. 96, 160 దగ్గర రెండు శిఖరాలు కనిపిస్తే అవి 3, 5 కావచ్చు, అప్పుడు అసలుది 32 దగ్గర ఉండాలి. అక్కడ చిన్నదైనా ఒక శిఖరం ఉందేమో వెతకండి.

అప్పటికీ అనుమానం తీరకపోతే ఫోను స్లో మోషన్ వీడియో తీయండి. సెకనుకు నిజంగా 240 ఫ్రేములు తీసే ఫోనైతే, నాలుగు ఊపులకు 20 ఫ్రేములు పట్టాయంటే 48 హెర్ట్జ్ అని లెక్క. దీనితో ఖచ్చితమైన అంకె రాదు గాని 32నా, 96నా అన్న సందేహం తీరిపోతుంది.

## 8. సరిచేయడం

ఇది చక్రాన్ని వెనక్కి జరిపి బిగించే బండ్లకు వర్తిస్తుంది. మీ బండిలో వేరే ఏర్పాటు ఉంటే పుస్తకం చెప్పిన దారినే వెళ్లండి.

1. యాక్సిల్ (వెనుక ఇరుసు) నట్టును పుస్తకం చెప్పినంత మేరకే వదులు చేయండి.
2. అడ్జస్టర్లను రెండు వైపులా సమానంగా, పావు చుట్టు మించకుండా తిప్పండి.
3. చక్రాన్ని చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి, గుర్తు పెట్టిన చోటికి తెచ్చి, మళ్లీ కొలవండి.
4. వదులు చేయవలసి వస్తే అడ్జస్టర్లను వెనక్కి తిప్పాక చక్రాన్ని ముందుకు నెట్టి అవి ఆనేలా చూడండి. లేకపోతే అంకె మారనట్లు కనిపించి, రోడ్డు మీదికి వెళ్లాక ఒక్కసారిగా మారుతుంది.
5. చక్రం తిరుగుతుండగా బెల్టు పుల్లీ అంచును ఒకవైపే రుద్దుతోందేమో చూడండి. రుద్దుతుంటే రెండు వైపుల గుర్తులు సమానంగా లేవని అర్థం.
6. యాక్సిల్ నట్టును టార్క్ రెంచ్‌తో, చెప్పిన బలానికి బిగించండి.
7. బిగించాక తప్పనిసరిగా మరోసారి కొలవండి. నట్టు బిగింపుతోనే చక్రం కొద్దిగా జరుగుతుంది.
8. వెనుక బ్రేకును నాలుగైదుసార్లు తొక్కి లేదా పట్టి, పట్టు వచ్చాకే బండిని కదపండి.

అంకె కొంచెం తక్కువగా ఉన్నంత మాత్రాన కంగారుపడి ఎక్కువ వైపు వెళ్లవద్దు. వదులు బెల్టు గట్టిగా యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు పళ్లు దాటుతుంది, అది ప్రమాదమే, కాని టకటకమని వినిపిస్తుంది. మితిమీరి బిగించిన బెల్టు చాలాకాలం చప్పుడు లేకుండానే బేరింగులను తినేస్తుంది.

## 9. తరచు వచ్చే చిక్కులు, వాటి మందు

శిఖరమే రావడం లేదు. బెల్టు మరీ వదులుగా ఉండి మోగకపోవచ్చు, లేదా బెల్టు గార్డు తగులుతూ ఉండవచ్చు. గార్డుకు తగలని భాగంలో మీటండి. కాల్స్ కోసం ఉండే చప్పుడు తగ్గించే సెట్టింగును ఆపి చూడండి.

ఎన్నిసార్లు మీటినా సరిగ్గా 50 లేదా 100. ఇంటి మెయిన్ ఆపి కొలవండి, లేదా బండిని ఆరుబయటికి తీసుకువెళ్లండి.

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వేడి తేడా. పొద్దుటి అంకెనే లెక్కలోకి తీసుకోండి.

గాలి హోరు. మైకు మీద గాలి తగిలితే తక్కువ హెర్ట్జ్‌ల భాగమంతా నిండిపోతుంది. గోడ చాటున కొలవండి. మైకు మీద వేలు మాత్రం పెట్టకండి.

కొత్త బెల్టు వేశాక అంకె దిగిపోతోంది. మొదట్లో బెల్టు పుల్లీ పళ్లలో సర్దుకుంటుంది. తిరిగి ఎన్ని కిలోమీటర్లకు చూడాలో పుస్తకంలో ఉంటుంది, దాన్ని వదిలేయకండి. కొత్త బెల్టును పట్టుకునేటప్పుడు మెలితిప్పడం, మడవడం అసలు చేయకూడదు, లోపలి దారాలు విరుగుతాయి.

## 10. రాసుకోవలసినవి

ప్రతి కొలతకూ ఒక వరుస కేటాయించండి:

- తేదీ, సమయం, ఓడోమీటరు అంకె
- బండి ఏ స్టాండు మీద ఉంది, పైన బరువు ఉందా
- వాల్వు నాలుగు స్థానాల్లో వచ్చిన హెర్ట్జ్ అంకెలు
- వాడిన యాప్, నమూనాల సంఖ్య
- బెల్టు మీద కనిపించిన పగులు, రాయి, పోగు
- అడ్జస్టరును తిప్పితే ఎటు, ఎన్ని పావు చుట్లు

ఫోను మార్చిన రోజున పాత ఫోనుతో, కొత్త ఫోనుతో ఒకే పూట కొలిచి రెండు అంకెలనూ పక్కపక్కన రాయండి. గువ్వలచెరువు ఘాటు దారి గాని, క్వారీల మట్టిరోడ్డు గాని తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున, తరువాతి సర్వీసు దాకా ఆగకుండా, బెల్టును కడిగి ఒక వరుస రాయండి.